మా నాన్న కొట్టు, బిగ్ బజారు, ఒక అద్దె కాగితం

ఓ రెండేళ్ళ క్రితం సంగతి. మన దేశంలోదే ఒక రిటైల్ చెయిన్, తనకన్నా చిన్నదైన ఇంకో చెయిన్‌ని కొనేసింది. పేర్లు చెప్తే మా హెచ్చార్ వాళ్ళకి నాతో పని పడుతుంది కాబట్టి చెప్పను :). ఇన్ని కోట్లు, అన్ని కోట్లు, ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలుపుతున్న ఫోటో, అన్నీ పేపర్లో వచ్చాయి. ఆ ఫోటో తీసిన కొన్నాళ్ళకి ఆ రెండు కంపెనీల డేటాబేసులు కలిపే పని వచ్చి మా టీం మీద పడింది.

ఈ పని చేసినవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. కందిపప్పు ఒకటే. ఒక కంపెనీ దాన్ని 'తూర్ దాల్' అంటుంది, రెండోది 'అర్హర్' అంటుంది. హైదరాబాదు స్టోర్లలో ఎవరో మహానుభావుడు 'కందిపప్పు' అని ఇంగ్లీషు అక్షరాల్లో మూడు స్పెల్లింగులతో ఎక్కించాడు. ఒక్క కందిపప్పుకి తొమ్మిది ఐటెం కోడ్లు! పేపర్లో 'ఒప్పందం కుదిరింది' అని ఒక్క వాక్యంలో రాసేస్తారు. కందిపప్పుని కందిపప్పుతో కుదిర్చేసరికి మాకు నాలుగు నెలలు పట్టింది.

సరే, అసలు విషయానికొస్తా. సరుకుల పట్టిక అయ్యాక స్టోర్ల పట్టిక మొదలుపెట్టాం. ఊరు, చదరపు అడుగులు, నెలవారీ అమ్మకం, అద్దె, లీజు ముగిసే తేదీ, ఇలా ఓ ముప్ఫై కాలమ్స్. ఏ స్టోరు ఉంచాలి, ఏది మూసెయ్యాలి అన్నది క్లయింట్ తేల్చుకుంటాడు, మేం రిపోర్టు ఇవ్వాలి. నేను బుద్ధిగా అమ్మకాల ప్రకారం వరస పెట్టి పంపాను. తక్కువ అమ్మేవాడు ముందు పోతాడనే కదా ఎవరైనా అనుకునేది. క్లయింట్ దగ్గర్నుంచి ఒక్క లైను జవాబు: "లీజు ముగిసే తేదీ ప్రకారం పెట్టండి."

పెట్టాను. మేం వాడే డేటాబేసులో ఖాళీ విలువలు ముందు వస్తాయి. తేదీ లేని స్టోర్లు 41, పొలోమని పైన వచ్చి కూర్చున్నాయి. ఇదేదో బగ్ అనుకుని, కిందకి తోసేసి పంపనా అని ఫోన్లో అడిగాను. అవతల ఉన్నాయన పెద్ద వయసు మనిషి, ఈ వ్యాపారంలో తలపండినవాడు. నవ్వాడు. "అది బగ్ కాదు బాబూ. వాటికి సరైన కాగితం లేదు. మేం బయటికి పోవాలంటే అడ్డం లేదు, ఓనరు మమ్మల్ని పొమ్మన్నా అడ్డం లేదు. ముందు తేల్చాల్సినవి అవే. పైనే ఉంచు" అన్నాడు.

ఆ 41లో 23 మూతపడ్డాయి. వాటిలో బాగా అమ్మేవి కూడా ఉన్నాయి. నేను స్టేటస్ కాలమ్‌లో 'క్లోజ్డ్' అని మార్చే స్క్రిప్టు రాసి, నడిపి, టీకి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకేమీ అనిపించలేదు.

అప్పట్నుంచీ మాత్రం ఈ రంగంలో జరిగే కొనుగోళ్ళ వార్తలు చదివే పద్ధతి మారింది. వినడానికి అన్నీ ఒకలాగే ఉంటాయి గానీ, నాకు అర్థమైనంతలో ఇవి రెండు రకాలు. సరుకు తయారుచేసే కంపెనీని కొంటే ముఖ్యంగా పేరు కొంటారు. కొట్లు నడిపే కంపెనీని కొంటే ముఖ్యంగా చోటు కొంటారు.

పేరు సంగతి ముందు చూద్దాం. 2018 డిసెంబరులో హిందుస్థాన్ యూనిలీవర్, గ్లాక్సో వాళ్ళ హార్లిక్స్ వ్యాపారాన్ని తనలో కలుపుకుంటున్నట్టు ప్రకటించింది. విలువ 31,700 కోట్లు. డబ్బు చేతులు మారడం కాదు, వాటాలకి వాటాలు. 2020 ఏప్రిల్‌కి విలీనం పూర్తయింది. రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో ఉన్న హార్లిక్స్ ఫ్యాక్టరీ కూడా ఆ లెక్కలోదే. అయితే మన దేశంలో హార్లిక్స్ అన్న పేరు వాడుకునే హక్కుకి విడిగా 3,045 కోట్లు కట్టారు. యంత్రాలు కాదు, గోడలు కాదు, ఒట్టి పేరుకి! జ్వరం తగ్గినవాడిని చూడ్డానికి వెళ్తూ మనవాళ్ళు చేతిలో పట్టుకెళ్ళే ఆ సీసా మీది నమ్మకం ఖరీదు అది.

థమ్సప్ కథ ఇంకా తమాషా. 1977లో పార్లే వాళ్ళు మొదలుపెట్టిన డ్రింకు. 1993లో కోకాకోలా మన దేశానికి తిరిగొచ్చి, పార్లే దగ్గర థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ అన్నీ కొనేసింది. గోల్డ్ స్పాట్ మెల్లగా కనుమరుగైంది. థమ్సప్ మాత్రం పోలేదు, జనం పోనివ్వలేదు. గుంటూరు ఎండలో నిలబడి ఏం కావాలని అడిగితే చాలామంది నోటెంట ఇప్పటికీ ఆ పేరే వస్తుంది. దాని మీదకే 2022లో రిలయన్స్ పాత కాంపా కోలా పేరుని కొనుక్కొచ్చింది. పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం 22 కోట్లే. మరుసటి ఏడాదే, అంటే 2023లో, పది రూపాయల సీసాతో బజార్లోకి దింపింది. నిద్రపోతున్న పేరు చవగ్గా దొరుకుతుంది, లేపడానికే ఖర్చు.

ఇప్పుడు చోటు సంగతి. హైదరాబాదు వాళ్ళకి త్రినేత్ర సూపర్ మార్కెట్లు గుర్తుండే ఉంటాయి. బెంగుళూరులో ఫ్యాబ్‌మాల్ నడిపినవాళ్ళు త్రినేత్రతో కలిశారు, ఆ మొత్తాన్ని 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొంది, 'మోర్' అని బోర్డు పెట్టింది. 2018లో వాళ్ళు బయటపడాలనుకున్నారు. సమారా క్యాపిటల్, అమెజాన్ కలిసి తీసుకున్నాయి. అన్నట్టు, ఆ ఫ్యాబ్‌మాల్ మనుషులే తర్వాత 2011లో బిగ్‌బాస్కెట్ పెట్టారు, 2021లో అందులో పెద్ద వాటా టాటాలకి ఇచ్చారు. ఒకే పంట రెండుసార్లు కోసిన ఘనులు. వాళ్ళని చూస్తే నాకు అసూయే :)

హెరిటేజ్ ఫ్రెష్ సంగతి కూడా మనదే. 2016 నవంబరులో హెరిటేజ్ ఫుడ్స్ తన 124 స్టోర్లని కిశోర్ బియానీ గారి ఫ్యూచర్ రిటైల్‌కి ఇచ్చేసింది. బదులుగా ఫ్యూచర్ రిటైల్‌లో 3.65 శాతం వాటా తీసుకుంది. పాల వ్యాపారం తన దగ్గరే ఉంచుకుంది. బిగ్ బజారు 2001లో మొదలైంది కలకత్తాలో అయినా, ఆ వెంటనే తెరిచిన ఊళ్ళలో హైదరాబాదు ఒకటి. మన మధ్యతరగతికి తోపుడుబండి పట్టుకుని సామాను కొనడం నేర్పిన కొట్టు అది. చిన్నప్పుడు హైదరాబాదులో మా పిన్ని వాళ్ళింటికి వెళ్తే అదో విహారయాత్ర. ఏమీ కొనకపోయినా ఏసీలో తిరిగొచ్చేవాళ్ళం.

అంతటి కంపెనీ ఎలా పోయిందో చూడండి. 2019లో అమెజాన్, ఫ్యూచర్ కూపన్స్ అనే కంపెనీలో 49 శాతం కొని, ఫ్యూచర్ రిటైల్ ఆస్తులని ఫలానావాళ్ళకి అమ్మకూడదని షరతు పెట్టుకుంది. ఆ జాబితాలో రిలయన్స్ కూడా ఉంది. 2020లో కరోనాతో కొట్లు మూతపడ్డాయి, అప్పులు మీదకొచ్చాయి. ఆ ఆగస్టులో బియానీ గారు రిటైల్, గోదాముల వ్యాపారాలు 24,713 కోట్లకి రిలయన్స్‌కి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అమెజాన్ సింగపూర్ మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు, కాంపిటీషన్ కమిషన్. రెండు వైపులా దేశంలోకెల్లా ఖరీదైన లాయర్లు.

ఈలోపు ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఒకటి జరిగింది. ఫ్యూచర్ వాళ్ళు చాలా కొట్లకి అద్దెలు కట్టలేకపోతే, ఆ లీజులు రిలయన్స్ తన పేరు మీదకి రాయించుకుని, తిరిగి ఫ్యూచర్‌కే అద్దెకిచ్చింది. కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. 2022 ఫిబ్రవరి చివర్లో రిలయన్స్ ఆ కొట్లని స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. 800కి పైగా కొట్ల లీజులు రద్దయ్యాయి. చాలా చోట్ల అదే భవనం మీద 'స్మార్ట్ బజార్' బోర్డు వచ్చింది. ఏప్రిల్‌లో అప్పిచ్చిన బ్యాంకులు అమ్మకానికి ఒప్పుకోలేదు, ఒప్పందం రద్దయింది. జూలైలో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. 2024లో లిక్విడేషన్‌కి ఆదేశం వచ్చింది. అంటే, కొట్లు ఎవరికి చెందాలి అని అన్ని కోర్టులు చర్చిస్తుండగా, ఆ సంగతి అద్దె కాగితం తేల్చేసింది.

దీనికి పూర్తిగా ఎదురు డీమార్ట్. రాధాకిషన్ దమానీ గారి పద్ధతి ఏంటంటే వీలైనంత వరకూ స్థలం సొంతం చేసుకుని కొట్టు పెట్టడం. విస్తరించడం నిదానం అవుతుంది. మొదట్లో అందరూ నత్తనడక అన్నారు. ఆ తర్వాత ఎవరూ అనలేదు.

ఇదంతా నేను ఆఫీసు క్యాంటీన్‌లో ఫ్రెండ్స్‌కి చెప్పి మేధావిలా ఫీలవుతూ ఉండేవాణ్ణి. పోయినేడాది ఒక ఆదివారం మా నాన్న ఫోన్ చేసేవరకూ.

మా నాన్నకి గుంటూరులో కిరాణా కొట్టు. నేను ఒకటో తరగతిలో ఉండగా పెట్టాడు. ఆ కొట్టు మీదే నేను ఇంజినీరింగ్ చదివాను, మా చెల్లి పెళ్ళయింది. నాన్న మామూలుగా ఫోన్లో ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు "తిన్నావా" కూడా అడక్కుండా, "కొట్టు ఖాళీ చెయ్యమంటున్నార్రా" అన్నాడు.

విషయం ఏంటంటే, ఆ భవనంలో కింద మూడు కొట్లు. మాది, ఒక మందుల షాపు, ఒక టైలరు. ఏదో పెద్ద చెయిన్ వాళ్ళు వచ్చి మూడూ కలిపి కింద అంతస్తు మొత్తం కావాలన్నారట. మేం ముగ్గురం కలిపి ఇచ్చేదానికి రెండున్నర రెట్లు అద్దె, పది నెలల అడ్వాన్సు. ఓనరు గారు రిటైరైన మాష్టారు. ఆయనకి మొహమాటం. వాళ్ళబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఏం పని అనుకుంటున్నారు? సాఫ్ట్‌వేరే :)

"అగ్రిమెంటు తియ్యి నాన్నా, చూద్దాం" అన్నాను.

"ఏ అగ్రిమెంటు?"

బీరువాలోంచి తీసి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. మొదటి ఏడాది రాసుకున్న పదకొండు నెలల స్టాంపు కాగితం. మన దగ్గర అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు కదా. ఆ తర్వాత ఎవరూ రాసుకోలేదు. ఇరవై ఏళ్ళకి పైగా ఒట్టి మాట మీద నడిచింది. ఉగాదికి మాష్టారు అద్దె ఇంత పెంచుదామా అనడం, నాన్న సరే అనడం, అంతే. ఆ పసుపు పచ్చ కాగితం చూస్తుంటే నాకు ఆ 41 స్టోర్లు గుర్తొచ్చాయి. మా నాన్న కొట్టుకి తేదీ కాలమ్ ఖాళీ.

మూడు రోజులు సెలవు పెట్టి గుంటూరు వెళ్ళాను. నా దగ్గర ఒక ప్లాన్ ఉంది. ఆ చెయిన్ వాళ్ళకి కావాల్సింది అంతస్తు మొత్తం. మూడింట్లో ఏ ఒక్కరు కదలకపోయినా వాళ్ళకి పనికిరాదు. కాబట్టి ముగ్గురం ఒక మాట మీద నిలబడి, కోర్టుకెళ్తాం అంటే చాలు. కేసు ఏళ్ళు పడుతుంది, వాళ్ళంతకాలం ఆగరు, ఇంకో వీధి చూసుకుంటారు. లేదంటే ఖాళీ చెయ్యడానికి మాకు డబ్బులిస్తారు. ఎక్సెల్ షీట్ కూడా చేశాను. ఫ్యూచర్ కథ అంతా నాన్నకి చెప్పాను.

నాన్న శ్రద్ధగా విన్నాడు. విని, "అంటే మాష్టారి మీద కేసు వేద్దామంటావు" అన్నాడు.

"కేసు వెయ్యక్కర్లేదు, వేస్తామంటే చాలు."

"ఆయన నన్ను నమ్మి ఇచ్చాడురా. కాగితం లేకుండా ఇరవై ఏళ్ళు నేను బాగుపడ్డాను. ఇవాళ కాగితం లేదని ఆయన్ని ఇరుకున పెట్టడమేంటి?"

నాకు కోపం వచ్చింది. ఆయన నిన్ను ఇరుకున పెట్టలేదా అన్నాను. అమ్మ మధ్యలో వచ్చి అన్నం తినమంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

మర్నాడు మాష్టారి ఇంట్లో కూర్చున్నాం. వాళ్ళబ్బాయి వీడియో కాల్‌లో. నాకన్నా ఓ పదేళ్ళు పెద్ద. చాలా మర్యాదగా మాట్లాడాడు. "అంకుల్, నాకు బాధగానే ఉంది, కానీ మార్కెట్ రేటు అలా ఉంది, నాన్నకి మందుల ఖర్చులు ఉన్నాయి" అన్నాడు. నేను అయిదేళ్ళకి రిజిస్టర్డ్ లీజు, అద్దె యాభై శాతం ఎక్కువ ఇస్తాం అన్నాను. అతను నవ్వి, "తమ్ముడూ, నా ప్లేసులో నువ్వుంటే ఏం చేస్తావో చెప్పు" అన్నాడు. ఏం చెప్పను? నేను ఏం చేస్తానో నేను రాసిన స్క్రిప్టే చెప్తుంది. ఖాళీ తేదీలు పైన పెట్టి పంపుతాను.

అప్పుడు నాన్న నోరు విప్పాడు. ఆయన అడిగినవి మూడే. ఒకటి, ఎనిమిది నెలలు టైము, సంక్రాంతి అమ్మకం అయ్యేదాకా. రెండు, అప్పట్లో ఇచ్చిన అడ్వాన్సు పైసా తగ్గకుండా వెనక్కి. మూడోది విని నేను ఆశ్చర్యపోయాను. కొట్టు మారాక ఆరు నెలలపాటు ఆ గేటు పక్కన 'కొట్టు ఫలానా చోటికి మారింది' అని బోర్డు ఉండాలి, ఆ సంగతి కొత్తవాళ్ళ అగ్రిమెంటులో రాయించాలి.

డాలస్ అబ్బాయి ఒక్క నిమిషం ఆలోచించి సరే అన్నాడు. కొత్తవాళ్ళు కొంచెం గునిశారు గానీ, వాళ్ళకి అంతస్తు కావాలి, మూడు నెలలకి ఒప్పుకున్నారు.

ఇంటికి నడిచి వస్తుంటే అర్థమైంది. నేను చోటు కోసం కొట్లాడాలనుకున్నాను. నాన్న పేరు కాపాడుకున్నాడు. మా కొట్టు ఖాతా పుస్తకంలో 93 ఇళ్ళు ఉన్నాయి, నెలాఖరుకి డబ్బులిచ్చేవాళ్ళు. ఎవరింట్లో షుగరు ఉంది, ఎవరు ఏ బియ్యం తింటారు, ఎవరికి జీతం అయిదో తారీఖున పడుతుంది, అన్నీ ఆయన బుర్రలో ఉంటాయి. హార్లిక్స్‌కి మూడు వేల కోట్లు కట్టింది ఇలాంటి దానికే కదా. మా నాన్నది 93 ఇళ్ళ హార్లిక్స్.

అలాగని నాన్న చెప్పిందే వేదం అని ముగించి మిమ్మల్ని మోసం చెయ్యను. కొత్త కొట్టు మూడు వీధుల అవతల దొరికింది, పాతదాంట్లో సగం ఉంటుంది. దాని ఓనరు కూడా "ఎందుకండీ రిజిస్ట్రేషనూ ఖర్చూ, మనం మనం" అన్నాడు. ఈసారి నేను వదల్లేదు. అయిదేళ్ళ లీజు, అద్దె ఏడాదికి ఎంత పెరగాలో, మధ్యలో ఖాళీ చేయమంటే ఎంత నోటీసు ఇవ్వాలో రాయించి, స్టాంపు డ్యూటీ నేను కట్టి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సగం రోజు నిలబడి చేయించాను. నాన్న మొహమాటంగా పక్కన నిలబడ్డాడు. సంతకం పెడుతూ ఆ ఓనరుకి సారీ చెప్పినంత పని చేశాడు.

93 ఇళ్ళలో 58 మాతో వచ్చాయి. మిగతావాళ్ళలో కొందరికి అంత దూరం నడిచే ఓపిక లేదు. కొందరు ఏసీ కొట్టుకి వెళ్తున్నారు. కొందరి పిల్లలు ఫోన్లో ఆర్డరు పెడితే పావుగంటలో వస్తోంది. కోపం తెచ్చుకోవడానికి నాకేం అర్హత ఉంది? బెంగుళూరులో మా ఫ్లాట్‌కి కొత్తిమీర కూడా అలాగే వస్తుంది. 2022లో జొమాటో 4,447 కోట్లు పెట్టి బ్లింకిట్‌ని కొన్నప్పుడు పది నిమిషాల్లో ఉప్పు ఎవడికి కావాలిరా అని నవ్వినవాణ్ణి నేను. నెలకి ఎన్ని ఆర్డర్లు పెడుతున్నానో ఇప్పుడు లెక్క చూసుకోవాలంటే భయం. నాన్న ఇప్పుడు వాట్సాప్‌లో లిస్టు పెడితే సైకిలు మీద కుర్రాడితో పంపిస్తున్నాడు. అమ్మకం పాతదానికి ఇంకా రాలేదు. వస్తుందో లేదో కూడా చెప్పలేను. టైలరు గారైతే మళ్ళీ షాపు పెట్టనే లేదు, ఇంట్లోనే కుడుతున్నారు. ఆయన బోర్డు అడగలేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, పేరు సంపాదించడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. దాన్ని నిలబెట్టే కాగితం సగం రోజు పని. మనవాళ్ళు మొదటిది ప్రాణం పెట్టి చేస్తారు, రెండోది మొహమాటానికి వదిలేస్తారు. మీ ఇంట్లో, మీ బంధువుల్లో కొట్లు ఉన్నవాళ్ళుంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు బీరువాలో అద్దె కాగితం ఎక్కడుందో, దాని మీద ఏ తేదీ ఉందో ఒక్కసారి చూడండి. మనలాంటివాళ్ళం వాళ్ళకి చేయగలిగిన ఉపకారం అది. ఎక్సెల్ షీట్లు తర్వాత.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు కొత్త కొట్లో కూర్చుని నాన్నకి మా ప్రాజెక్టు రిపోర్టు సంగతి మొదటిసారి చెప్పాను. అంతా విని, పొట్లం కడుతూ అడిగాడు, "అయితే మన పాత కొట్టు మీ లిస్టులో ఎక్కడుండేదిరా?"

"మొదట్లోనే నాన్నా, అన్నింటికన్నా పైన" అన్నాను.

ఆయనకి అదేదో గొప్ప అనిపించినట్టుంది. నవ్వాడు. నేను సరిదిద్దలేదు.